కలిస్తేనే పలికే క్యూబ్: ప్రాజెక్టు డైరీ

రోజు 1

క్యూఆర్ కోడ్‌లలో అన్నిటికంటే చిన్నది 21 గళ్ళ పొడవు, 21 గళ్ళ వెడల్పు ఉంటుంది. రూబిక్స్ క్యూబ్ ముఖం మీద అడ్డంగా మూడు ముక్కలు, నిలువుగా మూడు ముక్కలు. ఒక్కో ముక్కకి 7 గళ్ళు, మిగులు లేకుండా. ఇంతవరకే అయితే లెక్క కుదిరిందిలే అని ఊరుకునేదాన్ని. కానీ కోడ్‌కి మూడు మూలల్లో పెద్ద చతురస్రాలు ఉంటాయి కదా, నల్ల చట్రం, లోపల తెల్ల వరస, ఇంకా లోపల నల్ల దిమ్మ. అవి కూడా సరిగ్గా 7 గళ్ళకి 7 గళ్ళు. అంటే ఆ చతురస్రం మొత్తం ఒక్క మూల ముక్క మీద పట్టేస్తుంది. ఒక్క గడి కూడా పక్క ముక్క మీదకి పోదు.

ఎర్నో రూబిక్ బుడాపెస్ట్‌లో క్యూబ్ తయారుచేసింది 1974లో. మసహిరో హారా జపాన్‌లో క్యూఆర్ కోడ్ తెచ్చింది 1994లో. ఇరవై ఏళ్ళ తేడా. ఒకదాని కొలతతో ఇంకోదానికి ఏ సంబంధమూ లేదు. అయినా కొలిచి కుట్టించినట్టు సరిపోయాయి. ఇది చూశాక చేతులు కట్టుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు.

అనుకున్నది ఇది: ఆరు ముఖాల మీద ఆరు కోడ్‌లు. క్యూబ్ కలిపితే ప్రతి ముఖమూ ఫోన్‌కి ఒక మాట చెప్పాలి. ఒక్క ముక్క తప్పుగా ఉన్నా ఆ ముఖం నోరు విప్పకూడదు.

ముందు కాగితం మీద ఒక కోడ్ ప్రింట్ తీసి, తొమ్మిది ముక్కలు కోసి, పేక ముక్కల్లా కలిపేశాను. చదవలేదు. మళ్ళీ వరసగా పేర్చాను. చదివింది. ఆ మూల చతురస్రాలని ఇంజనీర్లు ఫైండర్ ప్యాటర్న్ అంటారు. ఈ డైరీలో కళ్ళు అని రాస్తాను, ఫోన్ కోడ్‌ని గుర్తుపట్టేది వాటినిబట్టే కాబట్టి. ఇంకో సంగతి: కంటిని ఎటు తిప్పినా ఒకేలా కనిపిస్తుంది. ముఖానికి నాలుగు మూలలు, మూడింట్లో కళ్ళు, నాలుగోదాంట్లో సమాచారం. మొత్తం క్యూబ్ మీద 18 కళ్ళు, 6 కళ్ళు లేని మూలలు. ఈ 18 కళ్ళే తర్వాత నన్ను ఏడిపిస్తాయని అప్పటికి తెలియదు.

రోజు 2

ఏం మాటలు పెట్టాలి? 21 గళ్ళ కోడ్‌లో తప్పుల సవరణ (కొంత పాడైనా చదవగలిగే ఏర్పాటు) అన్నిటికన్నా తక్కువగా పెట్టుకుంటే 17 బైట్లు పడతాయి. ఇంగ్లీషు అక్షరాలైతే 17. తెలుగుకి వచ్చేసరికి యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలని దాచుకునే పద్ధతి) ప్రతి అక్షరానికీ మూడు బైట్లు, గుణింతపు గుర్తుకి విడిగా ఇంకో మూడు, సున్నాకి ఇంకో మూడు. మొదట సరదాగా ‘తెలుగు’ అని పెడదామనుకున్నాను. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఆరు మూళ్ళు 18. ఒక్కటంటే ఒక్క బైటు ఎక్కువైంది! తెలుగు అనే మాటే పట్టని కోడ్‌తో తెలుగు క్యూబ్ చేస్తున్నాను.

సరే, ఆరు ముఖాలు కదా, ఒకటి నుంచి ఆరు దాకా అంకెల పేర్లు పెడదాం అనుకున్నాను. ఒకటి 12 బైట్లు, రెండు 15, మూడు 12, ఐదు 9, ఆరు 9. అన్నీ పట్టాయి, ‘నాలుగు’ తప్ప. అది మళ్ళీ 18. ‘నాల్గు’ అని కుదిద్దామన్నా లాభం లేదు, కొమ్ము పోయినచోట పొల్లు వచ్చి కూర్చుంటుంది, అదీ ఒక అక్షరమే. చివరికి తెలుగు అంకె ‘౪’ పెట్టేశాను, మూడు బైట్లు. పాత పంచాంగాల్లో తప్ప బయట పెద్దగా కనిపించని అంకెకి ఇక్కడ ఉద్యోగం దొరికింది.

కోడ్‌లు తయారుచేయడానికి పైథాన్‌లో సెగ్నో అనే లైబ్రరీ (సిద్ధంగా దొరికే ప్రోగ్రామ్) వాడుతున్నాను. మొదటిసారి ‘౪’ ఇస్తే ఒకే ఒక్క కన్ను ఉన్న బుల్లి కోడ్ ఇచ్చింది. మాట చిన్నదైతే తనంతట తనే మైక్రో క్యూఆర్‌కి వెళ్ళిపోతుందట. వెర్షన్ 1, అంటే 21 గళ్ళది, అని గట్టిగా చెబితే దారికొచ్చింది.

మాస్క్ కూడా నేనే పెట్టాను. ఒకే రంగు గళ్ళు గుంపుగా పడకుండా కోడ్ మొత్తం మీద ఒక నమూనా వేసి గళ్ళని తారుమారు చేస్తారు, దాన్ని మాస్క్ అంటారు. మొత్తం ఎనిమిది ఉన్నాయి. ఆరు ముఖాలూ ఒక్కలాగే కనిపిస్తే క్యూబ్ కలపడం ఇంకా కష్టమై ఆట రసవత్తరంగా ఉంటుంది కదా అని అన్నిటికీ 0వ మాస్కే వాడాను. తెలివైన పని అనుకున్నాను.

రోజు 4

తెల్ల ప్లాస్టిక్ క్యూబ్ ఒకటి తీసుకుని పాత స్టిక్కర్లన్నీ పీకేశాను. జిగురు వదిలించడానికే ఒక పూట పట్టింది. క్యూబ్ 56 మి.మీ., అంటే ఒక్కో ముక్క 18.67 మి.మీ. పీకిన స్టిక్కర్లు 16 మి.మీ. ఉన్నాయి, కొత్తవీ అదే సైజులో కోసి అతికించాను. ఒక ముఖం పూర్తయింది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఫోన్ పెట్టాను. ఏమీ లేదు. దగ్గరికి జరిపాను, దూరం పెట్టాను, దీపం మార్చాను. ఏమీ లేదు. ఇంకో ఫోన్‌తో చూశాను. అదీ మౌనవ్రతమే.

కాగితం మీద ఇదే కోడ్ చిటికెలో చదివింది. తేడా ఒక్కటే, ముక్కల మధ్య సందు. ఇంత చిన్న సందుకే ఎందుకు చదవదో అర్థం కాక, చాలామంది వాడే ఓపెన్ సోర్స్ స్కానర్ లైబ్రరీ జెడ్‌ఎక్సింగ్ కోడ్ తెరిచి చదివాను. అది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. ముందు బొమ్మలో అడ్డంగా గీతలు గీస్తూ నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, నలుపు 1:1:3:1:1 కొలతలో ఎక్కడ వస్తాయో వెతుకుతుంది. అవే కళ్ళు. మామూలు అచ్చు కాగితాల్లో ఈ కొలత చాలా అరుదుగా వస్తుందనే దీన్ని ఎంచుకున్నారు. మూడు కళ్ళు దొరికాక, కంటి వెడల్పుని 7తో భాగించి ఒక గడి ఎంతో తేలుస్తుంది. తర్వాత రెండు కళ్ళ మధ్య దూరంలో అలాంటి గళ్ళు ఎన్ని పడతాయో చూసి, 7 కలిపి, కోడ్ మొత్తం ఎన్ని గళ్ళో నిర్ణయిస్తుంది.

నా స్టిక్కర్లతో ఈ లెక్క వేసి చూశాను. కన్ను 16 మి.మీ., కాబట్టి గడి 2.29 మి.మీ. కళ్ళ మధ్య దూరం రెండు ముక్కలు, 37.33 మి.మీ. భాగిస్తే 16.3. దానికి 7 కలిపితే 23.3. క్యూఆర్ కోడ్‌లు 21 గళ్ళు ఉంటాయి, 25 ఉంటాయి, 29 ఉంటాయి. 23 అనేది లేదు! పాపం స్కానర్ ఏం చేస్తుంది? ఒకవేళ 21 అనే ఊహించుకున్నా, గడి నలుపో తెలుపో తెలుసుకోవడానికి అది చుక్క పెట్టి చూసే చోటు స్టిక్కర్ అంచుకి వచ్చేసరికి అరగడి పక్కకి జరిగిపోతుంది. అంచు గళ్ళని తప్పు చదువుతుంది.

తప్పు ఫోన్‌ది కాదు, నా కత్తెరది.

రోజు 6

స్టిక్కర్లు 18 మి.మీ.కి పెంచాను. లెక్క ప్రకారం 21.5 వస్తుంది, దగ్గరలో ఉన్నది 21, కాబట్టి సర్దుకుంటుంది. అంచులో చుక్క జరిగేది గడిలో పదో వంతు. ముక్కకి ముక్కకి మధ్య మిగిలే సందు 0.67 మి.మీ. ఇంకా పెద్దగా కోస్తే తిప్పినప్పుడు స్టిక్కర్లు ఒకదాన్నొకటి రాసుకుంటాయి.

ఫోన్ పెట్టాను. చదవలేదు.

చేతిలో పట్టుకుని చూస్తున్నానని అప్పుడు తట్టింది. కోడ్ చుట్టూ నాలుగు గళ్ళ ఖాళీ అంచు ఉండాలన్నది నియమం. నా కోడ్ ముఖం అంచుదాకా పాకింది, ఖాళీ అంచు లేనే లేదు. పట్టుకున్న వేళ్ళు, వాటి నీడలు వచ్చి ఈ కోడ్‌కి అతుక్కుంటున్నాయి. క్యూబ్‌ని తెల్ల కాగితం మీద పెట్టి, ఫోన్‌ని నిటారుగా పైన పట్టాను.

‘రెండు’.

తెర మీద ఆ చిన్న మాట చూసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నల్ల క్యూబ్ తీసుకోనందుకు నా భుజం నేనే తట్టుకున్నాను. నల్ల ప్లాస్టిక్ అయితే సందులు కంటి చట్రాన్ని లావు చేసి ఆ 1:1:3:1:1ని చెడగొట్టేవి. తెల్లదైతే కంటి చుట్టూ ఎలాగూ ఉండాల్సిన తెల్ల వరసే కాస్త వెడల్పవుతుంది, అంతే.

రోజు 7

ఆరు ముఖాలూ అతికించాను. 54 స్టిక్కర్లు, పైన మెరవని పలచటి ల్యామినేషన్. మెడ పట్టేసింది.

రోజు 8

ఇవాళ చాలా సేపు రాయాలి.

కలిపిన క్యూబ్ ఆరు మాటలూ చెప్పింది. ఇప్పుడు అసలు పరీక్ష, చెడగొడితే నోరు మూస్తుందా? మామూలు క్యూబ్‌లో మధ్య ముక్క ఎటు తిరిగి ఉందో ఎవరూ పట్టించుకోరు, ఒకే రంగు కాబట్టి కనిపించదు. నా క్యూబ్‌లో అది కనిపిస్తుంది. మామూలు క్యూబ్‌కి 43,252,003,274,489,856,000 రకాల అమరికలుంటే, మధ్య ముక్కల దిక్కులు కూడా లెక్కలోకి వచ్చేసరికి అది ఇంకో 2048 రెట్లవుతుంది. ఇది నాకు బాగా నచ్చిన సంగతి. అందుకే మొదట మధ్య ముక్కనే పరీక్షించాను. ‘౪’ ముఖంలో మధ్య ముక్క పైమూత ఊడదీసి, అడ్డంగా తిప్పి పెట్టాను.

ఫోన్ ‘౪’ అంది.

నేను సరిగ్గా తిప్పలేదేమో అని మళ్ళీ చూశాను. తిప్పాను. అయినా ‘౪’ అనే అంటోంది. కుడి అంచులోకి వేరే ముక్క వచ్చేలా క్యూబ్ తిప్పాను. ‘౪’. అది ఇక మాట మార్చదు. ‘రెండు’ ముఖం దగ్గరికి వెళ్ళి అదే పని చేస్తే మాత్రం వెంటనే మూగబోయింది. ‘ఐదు’, ‘ఆరు’ కింది అంచు తప్పుగా పెట్టినా చదువుతున్నాయి, కుడి అంచు తప్పితే చదవడం లేదు. ‘ఒకటి’, ‘మూడు’ పై అంచు, ఎడమ అంచు తప్పితే క్షమిస్తున్నాయి, కింది అంచు తప్పితే క్షమించడం లేదు. ఒకే క్యూబ్, ఒకే స్టిక్కర్ కాగితం, ఆరు ముఖాలకి నాలుగు రకాల స్వభావాలు.

క్యూఆర్ కోడ్ పుట్టిందే ఫ్యాక్టరీలో. మురికి పడ్డా, గీత పడ్డా చదవాలని దాంట్లో రీడ్-సోలమన్ అనే తప్పుల సవరణ పెట్టారు. చిన్న కోడ్‌లో మొత్తం 26 బైట్లు, ఒక్కోటీ ఎనిమిది గళ్ళ దిమ్మ. సవరణ నాలుగు స్థాయిలు: ఎల్, ఎమ్, క్యూ, హెచ్. ఎల్ అయితే 2 బైట్లు పాడైనా బాగుచేసుకుంటుంది. ఎమ్ 4, క్యూ 6, హెచ్ 8.

గళ్ళ పుస్తకం ముందేసుకుని, ఏ బైటు ఏ ముక్క మీద పడుతుందో రంగు పెన్సిళ్ళతో గీశాను. బైట్లు కుడి కింది మూల నుంచి మొదలై, రెండేసి వరసలుగా పాములా పైకీ కిందికీ పాకుతాయి. గీసి చూస్తే కుడి అంచు ముక్క తాకే బైట్లు 8. కింది అంచు 6. పై అంచు 4. ఎడమ అంచు 3. మధ్య ముక్క 9, కానీ అందులో ఒక బైటుకి ఒక్క గడే అక్కడ పడుతుంది, అది తప్పకపోతే 8. కళ్ళు లేని మూల 8.

కుడి అంచు 8, హెచ్ సవరించేది 8. కింది అంచు 6, క్యూ సవరించేది 6. పై అంచు 4, ఎమ్ సవరించేది 4. ఎవరో కావాలని నా మీద పగబట్టి రాసినట్టుంది.

కానీ నేను అన్ని ముఖాలకీ ఎల్ అనే కదా ఇచ్చాను? సెగ్నో మాన్యువల్ చదివాను. మాట చిన్నదై చోటు మిగిలితే, కోడ్ సైజు పెరగకుండా సవరణ స్థాయిని తనే పెంచేస్తుందట, ఊరికే మేలు చేద్దామని. ‘రెండు’కి 15 బైట్లు, పెంచడానికి చోటు లేదు, ఎల్‌లోనే ఉండిపోయింది. 12 బైట్ల మాటలు ఎమ్‌కి, 9 బైట్లవి క్యూకి, మూడు బైట్ల ‘౪’ ఏకంగా హెచ్‌కి ఎక్కాయి. అడక్కుండా చేసిన సాయం. మామూలు కోడ్‌కి అది నిజంగా మంచిదే. కానీ క్యూబ్ తప్పు పట్టాలి, క్యూఆర్ తప్పు కాయాలి. ఈ రెండిటినీ ఒకే పెట్టెలో పెట్టింది నేను.

ఆ పెంపు ఆపే సెట్టింగు ఉంది, ఒక్క మాట రాస్తే చాలు. అన్నీ ఎల్‌కి దిగాయి. ఎడమ అంచు 3 బైట్లు, ఎల్ కాసేది 2. ఒకే ఒక్క బైటు తేడాతో క్యూబ్ గెలిచింది.

‘రెండు’ తప్ప ఐదు ముఖాలు, 45 స్టిక్కర్లు పీకి మళ్ళీ అతికించాలి. కళ్ళు మార్చక్కర్లేదు కదా అని తర్వాత గుర్తొచ్చింది, అప్పటికే పీకేశాను.

రోజు 12

తమ్ముడు వచ్చాడు. వాడికి క్యూబ్ అంటే మంచినీళ్ళ ప్రాయం. కలిపిన ఆరు ముఖాల బొమ్మ ప్రింట్ తీసి పక్కన పెట్టి, చిందరవందర చేసిన క్యూబ్ చేతికిచ్చాను. రంగులు లేవు, అంతా నలుపు తెలుపే.

మామూలుగా నిమిషంలో కలిపేవాడు గంటన్నర కూర్చున్నాడు. ప్రతి ముక్కనీ ప్రింట్‌తో పోల్చుకుంటూ, వేలితో గళ్ళు లెక్కపెట్టుకుంటూ. చివరికి క్యూబ్ టేబుల్ మీద పెట్టి నా వైపు చూశాడు.

“అక్కా, నువ్వు దీన్ని విప్పి తప్పుగా బిగించావు.”

“ముట్టుకోలేదురా. పైమూతలు తప్ప ఏమీ తీయలేదు.”

“రెండు అంచు ముక్కలు తారుమారయ్యాయి, మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇలా రావడం కుదరదు. ఎవరైనా విప్పితే తప్ప.”

వాడు చెప్పింది నిజమే. క్యూబ్‌లో కేవలం రెండు ముక్కలే తారుమారవ్వడం ఎన్నిసార్లు తిప్పినా జరగదు. ఒక ముఖాన్ని పావు వంతు తిప్పితే నాలుగు అంచులూ నాలుగు మూలలూ కలిసి కదులుతాయి. అంచుల్లో బేసి మార్పు వస్తే మూలల్లో కూడా బేసి మార్పు ఉండి తీరాలి. కానీ మూలలన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా?

ఉన్నాయా?

ఇక్కడే ఆ 18 కళ్ళు. నేను కోడ్‌లని ఎలా తిప్పి అతికించానంటే, ఆరు మూల ముక్కలకి తలా ఒక సమాచార స్టిక్కర్ వచ్చింది, రెండు కళ్ళు. మిగిలిన రెండు మూల ముక్కలకి మూడు వైపులా కళ్ళే. ఆ రెండూ అచ్చు గుద్దినట్టు ఒకటే. అవి తారుమారైనా బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. వాడు కలిపిన క్యూబ్‌లో అవి చోట్లు మార్చుకున్నాయి, ఆ లోటు అంచుల్లో బయటపడింది.

దీన్ని ఎలా తేల్చామో చెప్పాలి, ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన పది నిమిషాలు అవే. వాడు విసుగ్గా క్యూబ్ తిప్పి చూస్తూ, “పైగా ఈ మధ్య ముక్క కూడా పావు వంతు తిరిగి ఉంది” అన్నాడు. ఒక్కటే మధ్య ముక్క, పావు వంతు. మధ్య ముక్క ఎటుందన్నదీ ఆ పావు తిప్పులతోనే మారుతుంది. ఒక్క ముక్క పావు వంతు తప్పిందంటే, కలిపిన స్థితి నుంచి ఇక్కడిదాకా పావు తిప్పులు మొత్తం బేసి సంఖ్యలో పడ్డాయన్నమాట. అంటే మూలలు కూడా బేసిగా మారాయి. కంటికి కనిపించకపోయినా మారాయి. మధ్య ముక్క సాక్ష్యం చెప్పింది, కళ్ళ ముక్కలు దొరికిపోయాయి.

“అంటే నేను తప్పు కలపలేదు, నీ స్టిక్కర్లు అబద్ధం చెప్పాయి” అన్నాడు.

“అబద్ధం చెప్పలేదురా, నిజం దాచాయి.”

“రెండూ ఒకటే. రంగులు వెయ్యి అక్కా.”

రోజు 15

రంగులు వేశాను. నల్ల గళ్ళు నల్లగానే ఉంచి, తెల్ల గళ్ళ చోట ముఖానికో రంగు.

స్కానర్‌కి రంగు తెలియదు, వెలుగే తెలుసు. బొమ్మని బూడిద రంగులోకి మార్చేటప్పుడు ఎరుపుకి 0.299, ఆకుపచ్చకి 0.587, నీలానికి 0.114 వంతు తూకం వేస్తారు. ముద్ద పసుపు 255కి 226 వస్తుంది, దాదాపు తెలుపే. ముద్ద నీలం 29. అంటే నలుపు పక్కన నలుపు! నీలం ముఖం మొదటి ప్రింట్ మనిషి కంటికి అద్భుతంగా ఉంది, ఫోన్‌కి మాత్రం నల్ల పలక. ఎరుపు కూడా 76 దగ్గరే ఆగింది. అందుకని నీలాన్ని ఆకాశం రంగుకి, ఎరుపుని లేత గులాబీకి దించాను. పసుపు, తెలుపు అలాగే ఉంచాను. ఆకుపచ్చ, నారింజ లేతగా. ఉతికి ఉతికి వెలిసిన బట్టల్లా ఉంది క్యూబ్, అయినా చదువుతోంది.

కళ్ళకి రంగు వచ్చింది కాబట్టి మూలల తికమక పోయింది. తమ్ముడు మూడు నిమిషాల్లో రంగులన్నీ కలిపేసి, మధ్య ముక్కల దగ్గర ఆగి తిట్టుకుంటూ కూర్చున్నాడు.

రోజు 18

పనైపోయింది అనుకున్న రోజు.

తమ్ముడు ఫోన్ నా ముఖం మీద పెట్టాడు. తెర మీద ‘ఐదు’. క్యూబ్ చూపించాడు. ఐదు ముఖం ఆకుపచ్చ, పై అంచులో మాత్రం ఒక నారింజ ముక్క, ఆరు ముఖానిది. తప్పు ముక్క పెట్టుకుని కూడా ఐదు హాయిగా మాట్లాడుతోంది. ఆ ముక్క రెండో వైపు ఉన్న ముఖం మాత్రం చదవడం లేదు.

ఎల్ పెట్టాను. పై అంచు 4 బైట్లు, కాసేది 2. ఎలా దాటింది?

రెండు స్టిక్కర్లనీ పీకి పక్కపక్కన పెట్టాను. రంగు తప్ప గళ్ళన్నీ ఒక్కటే. ఒక్క గడి తేడా లేదు.

మాట చిన్నదైతే మిగిలిన చోటుని కోడ్ ఖాళీగా వదలదు. 236, 17, 236, 17 అని రెండు బైట్లని మార్చి మార్చి నింపుతుంది, సంచిలో ఊక కూరినట్టు. ‘ఐదు’కీ ‘ఆరు’కీ తొమ్మిదేసి బైట్లు, కాబట్టి ఊక ఒకే చోట మొదలవుతుంది. ‘౪’కి ఇంకా ముందే మొదలైనా వరస కలిసిపోతుంది. పై అంచు ముక్క తాకేది 16 నుంచి 19వ బైటు దాకా, ఈ మూడు ముఖాల్లోనూ అక్కడున్నదంతా ఊకే. సవరణ స్థాయి ఒకటే, మాస్క్ ఒకటే, ఇక తేడా ఎక్కడినుంచి వస్తుంది? ‘రెండు’కి కూడా చివరి రెండు బైట్లు ఊకే. దాని పై అంచులో ఐదు ముక్క పెడితే తప్పేవి రెండే బైట్లు, వాటిని ఎల్ కాసేస్తుంది. ‘ఒకటి’కీ ‘మూడు’కీ పన్నెండేసి బైట్లు, కాబట్టి వాటి పై అంచులు కూడా ఒకదానికొకటి ఇంతే. అంటే ఆరు ముఖాలూ ఈ రోగంతోనే ఉన్నాయి.

అన్నిటికీ ఒకే మాస్క్ పెట్టిన తెలివి ఎవరిదో పైన రాసే ఉంది.

మందు కూడా అక్కడే ఉంది. మాస్కులు ఎనిమిది, ముఖాలు ఆరు. తలా ఒకటి వేస్తే అదే ఊక ఆరు ముఖాల మీద ఆరు రకాలుగా కనిపిస్తుంది. ఈసారి ముందే స్టిక్కర్లు కోయలేదు, బుద్ధొచ్చింది. కంప్యూటర్‌లోనే ప్రతి అంచు చోటులోనూ మిగతా 23 అంచు స్టిక్కర్లనీ పెట్టి చూశాను, 24 చోట్లకి మొత్తం 552. మధ్య ముక్కలని మూడేసి దిక్కులకి తిప్పినవి ఇంకో 18. మొదటి ప్రయత్నంలో 568 మూగబోయాయి, రెండు పలికాయి. రెండూ ఎడమ అంచులోనే. అక్కడున్నవి మూడు బైట్లే కదా, ఒక బైటు అనుకోకుండా కలిస్తే మిగతా రెండిటినీ ఎల్ కాసేస్తుంది. ఏ మాస్క్ ఏ ముఖానికి అన్నది 20,160 రకాలుగా పంచవచ్చు. కంప్యూటర్‌ని అవన్నీ ప్రయత్నించమని వదిలేసి భోజనానికి వెళ్ళాను. వచ్చేసరికి ఒక్కటి కూడా పలకని పంపకాలు చాలానే దొరికాయి. మొదటిది తీసుకున్నాను.

రోజు 21

మూడోసారి 54 స్టిక్కర్లు. ఈసారి చెయ్యి అలవాటైంది, మెడ కాలేదు.

ఎల్ స్థాయికి ఒక ఖరీదు ఉంది, అది ఇవాళ తెలిసింది. తిప్పగా తిప్పగా బొటనవేలి జిడ్డు ‘రెండు’ ముఖం మీద పడి దీపం వెలుగులో మెరిసింది, అది కాస్తా ఆగిపోయింది. గుడ్డతో తుడిస్తే మళ్ళీ పలికింది. హెచ్‌లో ఉంటే ఆ జిడ్డుని లెక్కే చేసేది కాదు. క్యూబ్ పక్కన ఒక మెత్తటి గుడ్డ పెట్టాను, ఇక అది కూడా ఆటలో భాగం.

సాయంత్రం తమ్ముడు కలిపాడు. ఐదు ముఖాలు పలికాయి. ‘ఐదు’ ముఖం పలకలేదు. రంగులన్నీ సరిగ్గా ఉన్నాయి, మధ్య ముక్క మాత్రం తలకిందులుగా ఉంది. వాడు ఒకటికి రెండుసార్లు ఫోన్ పెట్టి చూసి, క్యూబ్ నా ఒళ్ళో పడేశాడు.

“నీ క్యూబ్, నువ్వే తిప్పుకో అక్కా.”

పై ముఖం పావు వంతు, కుడి పావు, ఎడమ పావు, పై అర వంతు, కుడి వెనక్కి, ఎడమ వెనక్కి. ఇదే ఇంకోసారి. మొత్తం పన్నెండు తిప్పులు. ఇంకేదీ కదలకుండా పై మధ్య ముక్క ఒక్కటే తలకిందులవుతుంది. మొదటి రెండుసార్లు మధ్యలో లెక్క తప్పి, ఉన్న ఐదు మాటలూ పోగొట్టుకున్నాను. వాడు నవ్వుతూ మళ్ళీ కలిపిచ్చాడు. మూడోసారి ఒక్కో తిప్పునీ పైకి లెక్కపెడుతూ తిప్పాను. పన్నెండు. తెల్ల కాగితం మీద పెట్టి, ఫోన్ నిటారుగా పట్టాను.

‘ఐదు’.

‘౪’ ముఖం మీద ఒక కన్ను మూల లేస్తోంది. రేపు అతికించాలి.